దివ్యాంగులను కలుపుకున్నామని రిపోర్టు చెబుతోంది. ఊళ్ళోకి వెళ్ళి ఏమి అడిగితే నిజం తెలుస్తుంది?

#1 పొదిలి రోడ్డు (ఒంగోలు)

అందరికీ నమస్కారం. ప్రకాశం పడమటి మండలాల్లో ఒక జీవనోపాధుల కార్యక్రమం మూడేళ్ళు నడిచి ముగిసింది. పొదుపు సంఘాల ద్వారా మేకలకు, పెరటి కోళ్ళకు, కుట్టుమిషన్లకు, చిల్లర అంగళ్ళకు అప్పులు ఇచ్చారు. అప్పుకు ముందు కొద్దిపాటి శిక్షణ. దాని మూల్యాంకనం మా బృందానికి అప్పగించారు. నిధులిచ్చిన సంస్థ ప్రత్యేకంగా అడిగిన ప్రశ్న ఒకటే: దివ్యాంగులను నిజంగా కలుపుకున్నారా?

కార్యక్రమ నివేదికలో ఈ విషయం మీద ఉన్నది ఒక పట్టిక, దాని కింద ఒక వాక్యం. లబ్ధిదారుల్లో దివ్యాంగుల వాటా 5 శాతం దాటింది కాబట్టి లక్ష్యం నెరవేరిందట. వాళ్ళెవరు, ఏ రకం వైకల్యం, ఆడవారా మగవారా, తీసుకున్న మేకలు ఇంకా ఉన్నాయా, ఒక్క ముక్క లేదు.

మా చేతిలో ఉన్న ప్రశ్నావళి ఢిల్లీ నుంచి వచ్చింది. సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2019లో సవరించిన ఆరు కొలమానాలూ అందులో ఉన్నాయి: ఔచిత్యం, పొందిక, ఫలసిద్ధి, సమర్థత, ప్రభావం, సుస్థిరత. వాటిని తప్పుపట్టను. కానీ ఆ మాటలు పట్టుకుని మర్రిపూడి వైపు ఒక ఇంటి అరుగు మీద కూర్చుంటే ఎవరిని ఏమి అడగాలో పాలుపోవడం లేదు. వచ్చే నెల ఊళ్ళకు వెళ్ళాలి. అనుభవం ఉన్నవారు చెప్పండి.

#2 మొలగొలుకులు (నెల్లూరు)

అభివృద్ధి పథకాల పనిలోనే రిటైరైనవాణ్ణి. ఆ 5 శాతం గాలిలోంచి ఊడిపడలేదు బాబూ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 37వ సెక్షన్. పేదరిక నిర్మూలన పథకాల్లోనూ ఇతర అభివృద్ధి పథకాల్లోనూ 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 5 శాతం రిజర్వేషన్, అందులో మహిళలకు ప్రాధాన్యం. చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అంకెలంటే ఈ మధ్య అందరికీ చులకన. అంకె లేని రోజుల్లో దివ్యాంగులకు ఏ పథకంలో ఎంత దక్కిందో నేను చూశాను.

చేయవలసింది ఇది. లబ్ధిదారుల జాబితా ఊరివారీగా తీసుకోండి. గ్రామ సచివాలయంలో దివ్యాంగుల పింఛను జాబితా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టండి. మొత్తం మీద 5 శాతం వచ్చినా సగం ఊళ్ళలో సున్నా ఉందనుకోండి, మీ రిపోర్టు అక్కడే మొదలవుతుంది.

#3 గుండ్లకమ్మ (ఒంగోలు)

మొలగొలుకులు గారి పద్ధతి మొదటి రోజుకు బాగుంటుంది, రెండో రోజుకు చాలదు. నేను గణాంకశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి నా గోల అంతా భిన్నంలో కింద ఉండే అంకె గురించి. ఎందులో 5 శాతం?

2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో వైకల్యం ఉన్నవారు 2.21 శాతం. 2018 జాతీయ నమూనా సర్వే కూడా 2.2 దగ్గరే ఆగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రపంచ జనాభాకు చెప్పిన అంచనా 16 శాతం. మనవాళ్ళు మిగతా ప్రపంచం కన్నా ఏడు రెట్లు దృఢంగా ఉన్నారని దీని అర్థం కాదు, అడిగిన తీరు వేరు. 2.2ను కొలబద్దగా పెట్టుకుంటే మీ కార్యక్రమం రెట్టింపు సాధించినట్టు. 16ను పెట్టుకుంటే మూడింట రెండు వంతుల మంది బయటే ఉండిపోయినట్టు. ఒకే ఊరు, ఒకే జాబితా!

పింఛను జాబితా ఇంకా ఇరుకు. 2018 సర్వే తాను గుర్తించిన వైకల్యం ఉన్నవారిలోనే సర్టిఫికెట్ ఉన్నవారు 28.8 శాతం అని తేల్చింది. సర్టిఫికెట్ లేనివారు పింఛను జాబితాలోకి రారు. ఆ జాబితాతో పోల్చి చూస్తే, కార్యక్రమం వదిలేసినవారినే మీరూ వదిలేస్తారు.

‘మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా?’ అని ఇంటి పెద్దను అడగడం మానండి. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆధ్వర్యంలోని వాషింగ్టన్ గ్రూపు రూపొందించిన ఆరు ప్రశ్నలు ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకున్నా చూడటం కష్టమా? వినికిడి యంత్రం ఉన్నా వినడం కష్టమా? నడవడం, మెట్లెక్కడం? గుర్తుంచుకోవడం, మనసు లగ్నం చేయడం? స్నానం, బట్టలు కట్టుకోవడం? ఎదుటివారికి మన మాట అర్థమయ్యేట్టు చెప్పడం, వారి మాట అర్థం చేసుకోవడం? ప్రతిదానికీ నాలుగు జవాబులు: ఇబ్బంది లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను. ఏ ఒక్కదానికైనా ‘చాలా’ లేదా ‘అసలు’ అన్నవారిని లెక్కలోకి తీసుకోవాలి. లబ్ధిదారులనూ అడగండి, కార్యక్రమంలో లేని పొరుగిళ్ళవారినీ అడగండి. ఆ రెండింటి మధ్య తేడాలో మీకు కావలసింది ఉంటుంది. మానసిక అనారోగ్యం ఈ ఆరింటికీ సరిగా చిక్కదు. దానికి వేరే ప్రశ్నలు కావాలి.

#4 ఒంగోలు గిత్త (టంగుటూరు)

ప్రశ్నలు తర్వాత. ముందు దొంగ సర్టిఫికెట్లు ఏరండి. శుభ్రంగా పొలం దున్నుకునేవాడికి పింఛను వస్తోంది, నిజంగా కాలు లేనివాడు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఇలాంటి లెక్కలన్నీ కాకి లెక్కలే.

#5 మూడు చక్రాలు (కొండపి)

గిత్త అన్నా, మీ కోపంలో న్యాయం లేదనను. కానీ ఆయన వెళ్ళేది కార్యక్రమాన్ని పరీక్షించడానికి, మమ్మల్ని పరీక్షించడానికి కాదు. మమ్మల్ని పరీక్షించేవారికి కొదవ లేదు. 2025లో సర్టిఫికెట్లను మళ్ళీ పరిశీలించడం మొదలైనప్పటి నుంచి, ఫైలు పట్టుకుని ఎవరు గడప తొక్కినా గుండె దడదడలాడుతోంది. నెలకు 6,000 రూపాయలు వచ్చే పింఛను ఊడుతుందేమోనని. గుండ్లకమ్మ గారి ఆరు ప్రశ్నలు మంచివే. అయితే ఆ భయంలో ఉన్న మనిషి అన్నిటికీ ‘అసలు చేయలేను’ అంటుంది. పింఛను లేని అవ్వేమో ‘నాకేం, దుక్కలా ఉన్నాను’ అంటుంది. ఈ ప్రశ్నలకూ పింఛనుకూ సంబంధం లేదని వెళ్ళిన మనిషి ముందే చెప్పాలి, సచివాలయం సిబ్బందిని వెంటబెట్టుకుని వెళ్ళకూడదు.

నాకు చిన్నప్పుడే పోలియో. మండల వికలాంగుల సమాఖ్యకు కొంతకాలం అధ్యక్షురాలిగా చేశాను. చూసినవి చెబుతాను.

అప్పు కాగితం మీద పేరు ఆమెది. మేకలు ఉన్నది తమ్ముడి దొడ్లో. ‘మీకు మేకలు వచ్చాయా?’ అని అడిగితే వచ్చాయనే చెబుతుంది, అది అబద్ధమూ కాదు. ‘రేపు ఒక మేకను అమ్మాలంటే ఎవరిని అడగాలి? డబ్బు ఎవరి చేతికి వస్తుంది?’ అని అడగండి. మొహం చూస్తే చాలు, జవాబు తెలుస్తుంది.

కుట్టుమిషన్ల సంగతి ఇంకా చిత్రం. ఒకచోట నాలాంటి పోలియో మనిషికి కాలితో తొక్కే మిషను ఇచ్చారు. ఫోటో తీశారు, పట్టికలో అంకె పడింది. మోటారు బిగించి ఇవ్వమంటే నమూనాలో లేదన్నారు. ఆ మిషను మీద ఇప్పుడు వాళ్ళ వదిన కుడుతోంది. మీ 5 శాతంలో ఇలాంటివి ఎన్నో ఆ పట్టిక ఎప్పటికీ చెప్పదు.

సంఘంలో చేరడం దగ్గరే సగం మంది ఆగిపోతారు. పది మంది కలిసి అప్పు తీసుకుంటే ఒకరు కట్టని వాయిదా మిగతావారి నెత్తిన పడుతుంది. అందుకని ‘నువ్వెందుకమ్మా ఇబ్బంది పడటం, ఇంటిపట్టున ఉండు’ అని తియ్యగా చెబుతారు. తిట్టి పంపరు కాబట్టి ఫిర్యాదు ఉండదు, ఫిర్యాదు లేదు కాబట్టి రిపోర్టులో ఉండదు. సమావేశం ఎక్కడ పెడతారో, ఏ వేళకు పెడతారో కూడా చూడండి. రాత్రి ఎనిమిదికి, దీపం లేని సందు చివర, నాలుగు మెట్ల మీద పెట్టే సమావేశానికి నేను రాలేను. మినిట్స్ పుస్తకంలో సంతకం మాత్రం ఉంటుంది. పుస్తకం ఇంటికి తెచ్చి చేయించుకుంటారు.

వెలుగు పథకం రోజుల్లో మాకు విడిగా వికలాంగుల సంఘాలు పెట్టారు. అక్కడ నోరు విప్పడం నేర్చుకున్నాము. అప్పు పెద్దది కావాలంటే మాత్రం ఊరి సంఘంలో ఉన్నవారికే తేలిక. రెండూ ఉండాలని నా మాట.

#6 నిర్వాహకులు

సర్టిఫికెట్ల అక్రమాల మీద వేరే చర్చ ఉంది. ఆ సంగతులు అక్కడ రాయండి. ఇక్కడ మూల్యాంకనం గురించే.

#7 కనిగిరి బావి

మీరు వెళ్ళేది మా ప్రాంతానికే అంటున్నారు కాబట్టి ఫ్లోరైడును వదలకండి. మన దేశంలో ఫ్లోరైడు నీళ్ళ వల్ల మనుషుల ఎముకలు, కీళ్ళు దెబ్బతినే జబ్బయిన ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో వైద్య పత్రికకు ఎక్కించింది నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరులోవే. ఎనభై ఏళ్ళు దాటింది. నీళ్ళ పథకాలు ఎన్ని వచ్చాయో, ఎన్నిసార్లు శంకుస్థాపన జరిగిందో లెక్క పెట్టే ఓపిక ఎవరికీ లేదు.

నేను చెప్పదలచింది పథకాల అవినీతి గురించి కాదు. అవి బాగా నడిచినచోట కూడా కొలిచిందేమిటో చూడండి. పైపు ఎన్ని కిలోమీటర్లు, కుళాయిలు ఎన్ని, లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాముల లోపు ఉందా లేదా. జలజీవన్ మిషన్ అయితే మనిషికి రోజుకు 55 లీటర్లు. అన్నీ సరే. మెడ తిప్పలేని, నడుము వంగిపోయిన మనిషి ఆ నీళ్ళు ఎలా తెచ్చుకుంటున్నాడు? శుద్ధి కేంద్రం దగ్గర 20 లీటర్ల క్యాను నింపి ఇస్తారు. ఆ క్యాను ఎత్తలేడు. మోసి పెట్టేవాడికి డబ్బివ్వాలి. డబ్బు లేని రోజు బోరు నీళ్ళే తాగుతాడు. అంటే ఏ నీళ్ళు ఎవరిని వంచేశాయో, వాళ్ళే ఆ నీళ్ళు తాగుతూ మిగిలిపోతున్నారు. పథకం నివేదికలో ఆ ఊరు ‘సురక్షిత నీరు అందిన గ్రామం’.

ఇంకొక సంగతి. చట్టంలోని 21 రకాల వైకల్యాల జాబితాలో ఫ్లోరోసిస్ అనే పేరు విడిగా లేదు. కదలికల లోపం కింద వైద్యుడు రాస్తేనే లెక్క. మా పెద్దవాళ్ళు దాన్ని వైకల్యం అనుకోరు, వయసు అనుకుంటారు. యాభై దాటీ దాటకముందే వృద్ధుల్లా కూర్చుంటారు. మీ జీవనోపాధుల కార్యక్రమం వీళ్ళను పని చేయలేనివారని పక్కన పెట్టి ఉంటుంది. దివ్యాంగుల పట్టికలోనూ చేర్చి ఉండదు. ఏ జాబితాలోనూ లేరు కాబట్టి ఏ జాబితా పోల్చినా దొరకరు. గుండ్లకమ్మ గారు చెప్పిన ‘నడవడం, స్నానం, బట్టలు కట్టుకోవడం’ ప్రశ్నలకు మాత్రం దొరుకుతారు. గడప గడపా అడిగితేనే సుమా.

#8 ఆరు చుక్కలు (నెల్లూరు)

నాకు చూపు లేదు, బడిలో పాఠాలు చెబుతాను. ఈ చర్చను స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంటే వింటున్నాను. పొదిలి రోడ్డు గారూ, కార్యక్రమాన్ని పరీక్షించే ముందు మీ మూల్యాంకనాన్ని పరీక్షించుకోండి. మీ రిపోర్టు నేను చదవగలనా?

మన దగ్గర చాలా రిపోర్టులు రెండు రకాలు. కాగితాన్ని స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్ ఒకటి, అది నాకు ఖాళీ పేజీ. రెండోది పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు. కంటికి తెలుగులా కనిపిస్తుందట, నా చెవికి మాత్రం అర్థంలేని అక్షరాల వరస. ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లో టైపు చేసి, పట్టికలకు శీర్షికలు పెడితే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు.

కార్యక్రమం శిక్షణలో పంచిన కరపత్రాలు, అప్పు ఒప్పంద పత్రాలు ఏ రూపంలో ఉన్నాయో కూడా అడగండి. ‘చదివి వినిపించాము’ అంటారు. ఎవరు చదివారు, వడ్డీ సంగతి చదివారా, ఆ ముక్క వదిలేశారా అన్నది నాలాంటివాణ్ణి విడిగా కూర్చోబెట్టి అడిగితేనే బయటపడుతుంది.

#9 ఉదయగిరి కొయ్యచెంచా

మా అన్నయ్యకు పుట్టుకతోనే చెవుడు. సర్వేకు ఎవరు వచ్చినా ‘మీ అన్నయ్య ఏమనుకుంటున్నాడమ్మా?’ అని నన్నే అడుగుతారు. వాడు పక్కనే ఉంటాడు. నేను చెప్పింది రాసుకుని వాడి పేరు మీద వేసుకుంటారు.

ఒంగోలులోనో నెల్లూరులోనో బధిరుల సంఘాన్ని అడిగి సంజ్ఞా భాష వచ్చిన దుబాసీని తీసుకువెళ్ళండి. అయితే దాంతో పని అయిపోదు. బడి మొహం చూడని బధిరులకు ఆ భాష తెలియదు, ఇంట్లో పుట్టిన సైగలే తెలుసు. వాళ్ళ దగ్గర బొమ్మలు పనికొస్తాయి. మేక బొమ్మ, డబ్బు బొమ్మ, ఇంట్లోవాళ్ళ ఫోటోలు పెట్టి ఏది ఎవరి దగ్గరకు పోతుందో జరిపి చూపమనండి. సైగలు తెలిసిన బంధువు సాయం తప్పకపోతే, ఇంట్లో డబ్బు పెత్తనం చేసే మనిషిని మాత్రం కూర్చోబెట్టకండి.

#10 మొలగొలుకులు

అందరూ నన్ను అంకెల మనిషిని చేశారు, సరే. అంకెల మనిషిగానే ఇంకో మాట. ఖర్చు పద్దులు తెప్పించుకోండి. కార్యక్రమం మొదలైన నాటి బడ్జెట్‌లో దివ్యాంగులను కలుపుకోవడానికి ఏ పద్దు కింద ఎంత పెట్టారు? మోటారు బిగించడానికి, దుబాసీకి, రవాణాకు? అసలు పద్దే లేకపోతే, చేరినవాళ్ళు తమ తంటాలు తాము పడి చేరారన్నమాట. పద్దు ఉండి ఖర్చు కాకపోతే అది ఇంకో కథ. చివరి మూడు నెలల్లో ఒక్కసారిగా ఖర్చయితే, ఏం కొన్నారో బిల్లు చూడండి. ట్రైసైకిళ్ళు కొని సభ పెట్టి పంచి ఉంటారు. అవసరమా కాదా అన్నది ఎవరూ అడిగి ఉండరు.

రెండోది, అదే 2016 చట్టంలో 48వ సెక్షన్ చదవండి. దివ్యాంగులకు సంబంధించిన అన్ని సాధారణ పథకాలకూ ప్రభుత్వం సామాజిక తనిఖీ జరపాలని ఉంది. పథకం వల్ల వారికి చెడు జరగకూడదు, వారి అవసరాలు అందులో ఇమిడి ఉండాలి, ఈ రెండూ చూడాలి. మీది స్వచ్ఛంద కార్యక్రమం కాబట్టి ఆ సెక్షన్ మిమ్మల్ని నేరుగా కట్టిపడేయదు. కానీ పద్ధతి మన రాష్ట్రానికి కొత్తది కాదు. ఉపాధి హామీలో మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) గ్రామసభలో గట్టిగా చదివి వినిపించడం మనవాళ్ళు 2006 నుంచి చేస్తున్నారు. మీ జాబితాను కూడా ఊళ్ళో చదవండి. ‘ఫలానా ఆమెకు కుట్టుమిషను’ అనగానే వెనక నుంచి ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ నవ్వు ఎందుకో కనుక్కోండి.

#11 మూడు చక్రాలు

సార్, ఇది వద్దు. డ్వాక్రా మహిళ పేరు చదివితే ఆమెకు పోయేదేమీ లేదు. మానసిక జబ్బు ఉన్న అమ్మాయి పేరు వైకల్యంతో సహా గ్రామసభలో చదివితే రేపు ఆమె పెళ్ళి ఆగిపోతుంది. నవ్వు వస్తుందన్నారు చూడండి, ఆ నవ్వు అలవాటు లేనివారి మాట అది.

#12 మొలగొలుకులు

వైకల్యం చదవనక్కర్లేదమ్మా. పేరు, వస్తువు, మొత్తం చదివితే చాలు. అదీ ఆ మనిషి ఒప్పుకుంటేనే.

#13 ఒంగోలు గిత్త

నేను అడగవలసింది అడుగుతాను. దుబాసీ, బొమ్మలు, గడప గడపా సర్వే, మోటార్లు. ఇవన్నీ చేస్తే ఒక్కొక్కరి మీద ఎంత ఖర్చవుతుంది? ఆ డబ్బుతో ఇంకో పది మంది పేదలకు మేకలు రావా? ఇది పాపం అనకండి, లెక్క అడుగుతున్నాను.

#14 గుండ్లకమ్మ

న్యాయమైన ప్రశ్న. ఆ ఆరు కొలమానాల్లో సమర్థత అనేది ఇదే. కానీ లెక్కకు రెండో వైపు కూడా రాయాలి. తొక్కలేని మిషను ఇచ్చి అంకె వేసుకున్నారే, ఆ మిషను ఖరీదు మొత్తం వృథా. మోటారుతో ఇస్తే కాస్త ఎక్కువవుతుంది, సంపాదన వస్తుంది. ఒక్కొక్కరి మీద ఖర్చు కాదు, మూడేళ్ళ తర్వాత నిలిచిన ఒక్కొక్క ఉపాధి మీద ఖర్చు తీయండి. అప్పుడు ఏది చవకో చూద్దాం. జవాబు నాకు ముందే తెలుసని అనను, కొన్ని పనుల్లో గిత్త గారి మాటే నెగ్గవచ్చు.

#15 బాబు వాళ్ళమ్మ (కావలి)

రోజూ చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మా అబ్బాయికి బుద్ధిమాంద్యం, పద్దెనిమిది దాటాయి. మా పట్టణంలో ఇలాంటి కార్యక్రమమే ఒకటి వచ్చింది. అర్హత: అప్పు తీసుకునే మనిషి స్వయంగా ఒప్పందం చేసుకోవాలి. వాడు చేయలేడు. నేను చేస్తానంటే చట్టబద్ధ సంరక్షకురాలి పత్రం తెమ్మన్నారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ఆ పత్రం ఇస్తుందని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. అప్పటికి దరఖాస్తు గడువు అయిపోయింది. ఆ కార్యక్రమం రిపోర్టులో మేము ఎక్కడ ఉంటాము? రానివారిలో కూడా ఉండము, అర్హత లేనివారిలో ఉంటాము. అర్హత నియమాలు ఎవరు రాశారో, రాసేటప్పుడు మాలాంటి ఒక్క తల్లినైనా పిలిచారో లేదో అడగండి.

నేను వాడితోనే ఉండాలి కాబట్టి కూలికి వెళ్ళలేను. నా పేరు ఏ దివ్యాంగుల పట్టికలోనూ పడదు. పోయిన సంపాదన మాత్రం నాదే.

#16 కొత్తపట్నం తీరం

కట్టడాల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చిన్నగా. శిక్షణ జరిగిన భవనానికి ‘ర్యాంపు ఉంది’ అని టిక్కు పెట్టేసి ఉంటారు. టేపు తీసుకువెళ్ళండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. నేల నుంచి గచ్చు రెండడుగుల ఎత్తులో ఉంటే ర్యాంపు ఇరవై నాలుగు అడుగులు. మీరు చూడబోయేది ఆరడుగులు ఉంటుంది, చక్రాల కుర్చీ ఎక్కేది అటుంచి దిగేటప్పుడు మనిషి బోర్లా పడతాడు. ఈ ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలు చేయండని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. మా తీరంలో తుపాను షెల్టర్లు నీళ్ళు రాకుండా ఎత్తులో కట్టడం సరైనదే. ఎక్కే దారి మెట్లే అయితే అది ఎవరి షెల్టరు? మరుగుదొడ్డి తలుపు వెడల్పు కూడా కొలవండి.

#17 పొదిలి రోడ్డు

ఇన్ని సంగతులు ఢిల్లీ ప్రశ్నావళిలో రావు. అందరికీ కృతజ్ఞతలు. మా బృందంతో మాట్లాడి ఇలా అనుకున్నాము, లోపాలు చెప్పండి.

ఊళ్ళను రెండు గుంపులుగా తీసుకుంటాము, పట్టికలో దివ్యాంగులు ఎక్కువ ఉన్నవి, సున్నా ఉన్నవి. గడప గడపా ఆరు ప్రశ్నలు, పింఛనుకు సంబంధం లేదన్న మాట ముందే చెప్పి. ఆ తర్వాత ‘చాలా’, ‘అసలు’ అన్న ప్రతి మనిషితో విడిగా ఒకే వరసలో మాట్లాడుతాము: కార్యక్రమం వచ్చిందని మీకు తెలిసిందా, ఎవరు చెప్పారు, వెళ్ళారా, సంఘంలో చేర్చుకున్నారా, అప్పు అందిందా, వస్తువు మీకు పనికొచ్చేదేనా, ఇప్పుడు ఉందా, అమ్మాలంటే ఎవరు నిర్ణయిస్తారు. ఏ మెట్టు దగ్గర ఎంతమంది ఆగిపోయారో గీసి చూపిస్తే 5 శాతం పక్కన అదీ ఒక పట్టిక అవుతుంది. అర్హత నియమాలు రాసినవారితో, ‘ఇంటిపట్టున ఉండు’ అన్న సంఘం లీడర్లతో వేరుగా మాట్లాడుతాము. లీడర్లను నిందించడానికి కాదు, వాయిదా భయం తీరే ఏర్పాటు ఏదైనా కార్యక్రమం ఇచ్చిందా అని. బడ్జెట్ పద్దులు అడిగాము, ఇంకా రాలేదు. రిపోర్టు యూనికోడ్‌లోనే వస్తుంది. ఫ్లోరోసిస్ మనుషుల కోసం ఇంట్లో నీళ్ళు ఎవరు తెస్తారన్న ప్రశ్న కూడా చేర్చాము.

సర్వే బృందంలో దివ్యాంగులు ఉండాలని మాలో ఒకరు పట్టుబట్టారు. మూడు చక్రాలు అక్కా, మీ సమాఖ్యవాళ్ళు వస్తారా?

#18 కనిగిరి బావి

నీళ్ళ ప్రశ్న ఎండాకాలానికి వేరుగా అడగండి. జవాబు మారిపోతుంది.

#19 మూడు చక్రాలు

వస్తాము, ఊరికే రాము. సర్వే చేసే మిగతావారికి ఎంత ఇస్తారో మాకూ అంతే. తోడు వచ్చే మనిషికి కూలి, ఆటో ఖర్చు వేరు. ఒకటో తేదీన, రెండో తేదీన పెట్టుకోకండి, అవి పింఛను రోజులు, ఎవరూ ఇల్లు కదలరు. పొద్దున మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించాలి. మధ్యలో మరుగుదొడ్డి వాడుకోగలిగే చోటు ఊరూరా ముందే చూసి పెట్టండి, లేకపోతే ఆడవాళ్ళు పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా కూర్చుంటారు.

#20 పొదిలి రోడ్డు

అన్నిటికీ సరే. ఆటో ఖర్చు బడ్జెట్‌లో ఏ పద్దు కింద రాయాలో ఎవరైనా చెబుతారా? మా లెక్కల విభాగం ‘ఇతరములు’లో వేయమంటోంది.

#21 మొలగొలుకులు

ఇతరములలో వేస్తే మొదటి కోత దానికే పడుతుంది. ‘రవాణా: దివ్యాంగ సర్వేయర్లు, సహాయకులు’ అని విడిగా రాయించండి. ఆటోవాళ్ళు రసీదు ఇవ్వరు. వోచరు మీద బండి నంబరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికో రాసి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆడిట్‌కు అది చాలు.